అమ్మ బీపీ మాత్ర, మేకల పాక పక్కన దీపం

పర్లాకిమిడిలో మా మేకల పాక పక్కనే ఈమధ్య ఎల్‌ఈడీ వీధిదీపం వేశారు, రాత్రంతా పగల్లా వెలుతురు. "ఒరే, పాపం వీటికి నిద్ర పడుతుందంటావా?" అంది అమ్మ. అసలు నిద్ర పట్టనిది అమ్మకే, మేకల మీద పెట్టి చెప్పిందంతే.

చీకటి పడ్డాక మెదడులో పీనియల్ గ్రంథి వదిలే మెలటోనిన్‌ను 1958లో అమెరికా చర్మవైద్యుడు ఆరన్ లెర్నర్ బృందం పశువుల పీనియల్ గ్రంథుల నుంచే వేరు చేసింది. దాన్ని నిద్ర హార్మోన్ అంటారు గానీ నాకా పేరు నచ్చదు, ఎందుకంటే రాత్రంతా మా ధాన్యం బస్తాలు కొరికే ఎలుకలో కూడా అది పెరిగేది రాత్రిపూటే! అది "పడుకో" అనదు, "చీకటి పడింది" అంటుంది. వెలుతురు పడితే తగ్గిపోతుంది.

ఆ చీకటి కబురు పీనియల్‌కు అందాలంటే నరాల కొసల్లోంచి వచ్చే నారడ్రినలిన్ అనే రసాయనం అక్కడి బీటా గ్రాహకాలను, అంటే ఆ కబురు అందుకునే తలుపుల్లాంటి వాటిని, తట్టాలి. ప్రొప్రనలాల్, అటెనొలాల్ లాంటి బీపీ మందులు సరిగ్గా ఆ గ్రాహకాలకే అడ్డం పడతాయి, దాంతో రాత్రి మెలటోనిన్ తగ్గుతుంది. డిప్రెషన్‌కి వాడే ఫ్లూవొక్సమిన్‌ది ఉల్టా వ్యవహారం, కాలేయంలో మెలటోనిన్‌ను అరగదీసే ఎంజైమును ఆపి దాన్ని పెంచేస్తుంది.

అమ్మ వేసుకునేది అటెనొలాలే. ఇది చెప్పగానే "అయితే మానేస్తా" అంది, నాకు టెన్షన్! ఉన్నపళంగా ఆపితే గుండెకు ప్రమాదం. సోమవారం డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఈలోగా పాకకు గోనెపట్టా కట్టాను.