28 డిగ్రీలకి సాగిన మొలకలు: నా ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ ఎట్లా గట్టెక్కింది

ఎమ్మెస్సీ ఫైనల్ ఇయర్‌లో మా బ్యాచ్ అంతా టిష్యూ కల్చర్ వైపు పోతే, సార్ నా చేతిలో అరాబిడాప్సిస్ (ఆవాల కుటుంబంలో చిన్న మొక్క, ల్యాబుల్లో ప్రయోగాలకి వాడతారు) పెట్టి "వెచ్చదనానికి మొక్క ఎట్లా సాగుతుందో చూడు, ఆక్సిన్ వైపు నుంచి చూడు" అన్నారు. ఆక్సిన్ అంటే మొక్కని సాగదీసే హార్మోన్. అదీ హైదరాబాద్‌లో, ఎండలు మొదలయ్యే ముందు. ఇదే టాపిక్ తీసుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

అందరూ ఫస్ట్ అడిగేది 28 డిగ్రీలు కూడా ఒక వేడేనా అని. మనం ఏసీ పెట్టుకునేదే 26కో 27కో, నిజమే. కానీ ఈ మొక్కకి హాయిగా ఉండేది 20-22 దగ్గర, 28కి పెడితే చావదు, వాడిపోదు, షేప్ మార్చుకుంటుంది అంతే, బీజదళాల కింద కాడ సాగుతుంది, తొడిమలు పొడవై ఆకులు పైకి లేస్తాయి, పూత కూడా తొందరగా వస్తుంది. వేడి నేలకి కాస్త ఎడంగా జరిగి ఆకుల మధ్య గాలి ఆడేలా చేసుకుంటుందని అంటారు. దీన్నే థెర్మోమార్ఫోజెనెసిస్ అంటారు. 37, ఆ పైన సంగతి వేరే, అది హీట్ స్ట్రెస్, అక్కడ కణాల్ని వేడి దెబ్బ నుంచి కాపాడే హీట్ షాక్ ప్రొటీన్లు దిగుతాయి, రెండూ కలిపి మాట్లాడితే వైవాలో దొరికిపోతారు.

విత్తనాలు మా ల్యాబ్‌లో ముందే ఉన్నాయి కాబట్టి బతికిపోయా. లేకపోతే అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఉన్న స్టాక్ సెంటర్ నుంచి తెప్పించుకోవాలి, దానికి ఢిల్లీలో ఎన్‌బీపీజీఆర్ (మొక్కల జన్యు వనరుల జాతీయ బ్యూరో) నుంచి ఇంపోర్ట్ పర్మిట్ కావాలి, ఆ కాగితాలకే సెమిస్టర్ అయిపోయేది.

విత్తనం ముక్కుపొడిలా ఉంటుంది, ఊపిరి గట్టిగా వదిలితే పోయింది. బ్లీచ్‌లో కడిగి, సగం డోసు ఎంఎస్ మీడియా (మొక్కకి కావాల్సిన లవణాలున్న పోషక మిశ్రమం) పోసిన అగార్ ప్లేట్ మీద టూత్‌పిక్‌తో ఒక్కోటి పెట్టి, రెండు మూడు రోజులు చీకట్లో 4 డిగ్రీల్లో ఉంచి, తర్వాత అన్నిటినీ 22లో మొలిపించి, ఆ తర్వాతే సగం ప్లేట్లని 28 చాంబర్‌కి మార్చాలి. ప్లేట్లు నిలువుగా పెడితే కాడ తిన్నగా వస్తుంది, స్కాన్ చేసి ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్‌లో కొలుచుకోవచ్చు. ఇదంతా రెండు వారాల్లో చేతికొచ్చేస్తుంది, పెద్ద విషయం కాదు.

అసలు తలనొప్పి లైట్‌తో. మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేసే అక్క లైట్ మీటర్ పట్టుకుని రెండు చాంబర్లలో ప్రతి అరా కొలిపించింది, కొంచెం తేడా ఉన్నా ట్యూబులు మార్చమనేది. టెంపరేచర్ స్టడీకి లైట్ ఎందుకక్కా ఇంత అంటే "ఫైటోక్రోమ్ బి చదువు, తర్వాత మాట్లాడు" అంది. చదివాక అర్థమైంది. ఎర్ర కాంతిని పట్టే ఫైటోక్రోమ్ బి వెచ్చదనాన్ని కూడా పట్టుకుంటుంది, రెండు గ్రూపులు 2016లో సైన్స్ జర్నల్‌లో చూపించాయి. వెలుతురు దాన్ని యాక్టివ్ చేస్తుంది, వెచ్చదనం దాన్ని తొందరగా ఇనాక్టివ్ రూపానికి లాగేస్తుంది. యాక్టివ్‌గా ఉన్నంతసేపు పిఫ్4 అనే ప్రొటీన్‌ని తొక్కిపెడుతుంది, అది తగ్గితే పిఫ్4 లేచి యుక్కా8 లాంటి ఆక్సిన్ తయారుచేసే జీన్లని ఆన్ చేస్తుంది, బీజదళాల్లో ఆక్సిన్ తయారై కిందికి దిగి కాడని సాగదీస్తుంది. అంటే నా 28 అరలో లైట్ కాస్త డల్‌గా ఉన్నా మొలకలు సాగేవే, నేనేమో వేడి వల్లే అని రాసుకునేదాన్ని. ఒకటే తలుపు, నీడా అక్కడే తడుతుంది, వెచ్చదనమూ అక్కడే తడుతుంది.

లైట్ సెట్ అయ్యాక డేటా చకచకా వచ్చింది. మామూలు మొక్క 28లో బాగా సాగింది, పిఫ్4 పనిచేయని మ్యూటెంట్ దాదాపు 22లో ఉన్నట్టే పొట్టిగా ఉండిపోయింది. ఆ పొట్టిదానికే పిక్లోరామ్ ఇస్తే సాగింది, అదొక సింథటిక్ ఆక్సిన్, కలుపుమందుగా కూడా వాడతారు కాబట్టి డోసు జాగ్రత్త. మామూలు మొక్కకి ఆక్సిన్ కిందికి రాకుండా ఆపే ఎన్‌పీఏ ఇస్తే 28లో కూడా సాగుడు బాగా తగ్గిపోయింది. నాకు బాగా నచ్చిన ప్లేట్ ఇదే, పైన తయారైనా కిందికి దిగకపోతే లాభం లేదని కళ్ళ ముందే కనపడుతుంది.

ఏప్రిల్‌లో కరెంట్ పోతే చాంబర్ లోపల టెంపరేచర్ పెరిగిపోయేది, టెంపరేచర్‌ని ఎప్పటికప్పుడు రికార్డ్ చేసే డేటా లాగర్ పెట్టుకున్నా కాబట్టి ఏ బ్యాచ్ పారేయాలో తెలిసింది. లాగర్ లేకుండా మాత్రం మొదలుపెట్టకండి.

వైవాలో ఎక్స్‌టర్నల్ మేడమ్ ఫైటోక్రోమ్ ఒక్కటేనా సెన్సర్ అని అడిగారు. ఈఎల్ఎఫ్3 అనే ప్రొటీన్ గురించి చెప్పా, చల్లగా ఉన్నప్పుడు సాయంత్రం పూట పిఫ్4 జీన్‌ని ఆపి ఉంచుతుంది, వేడెక్కితే గుంపులుగా ముద్దకట్టి పని మానేస్తుంది, 2020లో నేచర్‌లో వచ్చింది. తర్వాత బ్రాసినోస్టెరాయిడ్స్ (మొక్కని సాగదీసే ఇంకో రకం హార్మోన్లు) సంగతేంటి అన్నారు, ఆక్సిన్ తర్వాతి మెట్టులో అవి కూడా ఉండాలని చదివింది చెప్పా గానీ నా దగ్గర డేటా లేదు, ఆమె తల ఊపి నెక్స్ట్ ప్రశ్నకి వెళ్ళిపోయారు.

ఆ బ్రాసినోస్టెరాయిడ్స్ తయారవకుండా ఆపే బ్రాసినజోల్ కలిపిన ప్లేట్లు ఇప్పుడు మా జూనియర్ తమ్ముడు చేస్తున్నాడు. దాని స్టాక్ డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కలపాలి, కంట్రోల్ ప్లేట్లలో కూడా అంతే డీఎంఎస్‌ఓ పోయమని వాడికి రెండుసార్లు చెప్పా.