ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ రెండోసారికి కొట్టా: నన్ను ముంచింది ఒక్క ఫర్ లూప్

మొన్న రాత్రి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (రెడ్‌హ్యాట్ వాళ్ల లైనక్స్ అడ్మిన్ సర్టిఫికెట్ ఎగ్జామ్) రిజల్ట్ మెయిల్ వచ్చింది. 300కి 271, పాస్. మెయిల్ మూడుసార్లు చదివి, తర్వాత అమ్మకి ఫోన్ చేశా. మొదటిసారి 189 వచ్చినప్పుడు మాత్రం ఇంట్లో వారం దాకా చెప్పలేదు. పాస్ మార్కు 210 అని మీకు తెలుసు కదా, అంటే 21 మార్కుల్లో పోయింది.

ఎల్‌వీఎం, ఎస్‌ఈలైనక్స్, ఆటోఎఫ్ఎస్ లాంటి మిగతా టాపిక్స్ గురించి చాలామంది రాశారు, నేను మళ్లీ రాయను. రోజూ వీఎం (కంప్యూటర్ లోపల నడిపే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్) చెరిపేసి మొదట్నుంచి చేయండి, వస్తుంది. నేను రాసేది షెల్ స్క్రిప్ట్ (కమాండ్లని వరసగా రాసిపెట్టి ఒకేసారి నడిపే ఫైల్) గురించే. మనలో ఎక్కువమంది దాన్ని ‘చిన్న టాపిక్’ అని వదిలేస్తారు, నేనూ అలాగే వదిలేశా.

ఎగ్జామ్‌లో ఏం అడిగారో చెప్పకూడదు. ఒప్పుకున్నాకే కూర్చోనిస్తారు. అందుకే ఫెయిలయ్యాక అమీర్‌పేట హాస్టల్ రూమ్‌లో నేనే తయారు చేసుకున్న ఫైల్ సంగతి చెబుతా. ఐదు లైన్లు, ఒక్కో లైన్‌లో కోలన్‌తో విడదీసిన నాలుగు ముక్కలు: యూజర్ పేరు, యూఐడీ (యూజర్ నంబర్), గ్రూపు, వివరం. మొదటి లైన్ ఇలా ఉంటుంది:

రవి:2101:సేల్స్:రవి కుమార్ గుంటూరు

నాకు అప్పటికి తెలిసిన పద్ధతి ఒక్కటే. ఫర్ లూప్‌లో (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేది) క్యాట్ (ఫైల్‌ని చదివి ఇచ్చే కమాండ్) పెట్టడం, వచ్చిన లైన్‌ని కట్ కమాండ్‌తో కోలన్ దగ్గర కోయడం. రన్ చేస్తే మొదటి యూజర్ తయారయ్యాడు. ఆ వెంటనే ‘యూఐడీ చెల్లదు: కుమార్’ అని ఎర్రర్, దాని కింద ‘యూఐడీ చెల్లదు: గుంటూరు’. లైన్లు ఐదే, లూప్ మాత్రం 15 సార్లు తిరిగింది. ఫర్ లైన్లని చూడదు, మాటల్ని చూస్తుంది. స్పేస్ కనిపించిన చోటల్లా తెగ్గొడుతుంది. సరే, మరి యూఐడీ చోటికి ‘కుమార్’ ఎలా వచ్చాడు? లైన్‌లో కోలనే లేకపోతే కట్ ఖాళీ ఇవ్వదు, మొత్తం లైన్‌ని అలాగే ఇచ్చేస్తుంది. రెండో ముక్క అడిగినా అదే, మూడోది అడిగినా అదే. అది తెలియక యూఐడీలు ఎక్కడో ఢీకొంటున్నాయనుకుని, యూజర్లని డిలీట్ చేయడం, మళ్లీ రన్ చేయడం. ఎగ్జామ్ హాల్లో ఇలాంటి తికమకలోనే నాకు ముప్పావుగంట పోయింది. చివర్లో రీబూట్ చేసి చూసుకునే టైమ్ మిగల్లేదు. రీబూట్ తర్వాత నిలబడని పనికి సున్నా అని వేరే చెప్పాలా?

ఒక్కటి మాత్రం చెప్పాలి. సిలబస్‌లో లూపుల దగ్గర పేరు పెట్టి రాసింది ఫర్ ఒక్కటే, పక్కన ‘మొదలైనవి’ అని ఉంటుంది. ఆ ‘మొదలైనవి’లో వైల్ అనే ఇంకో లూప్ దాక్కుని ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. తప్పు నాదే, కానీ పూర్తిగా నాది కాదు!

మలుపు ఈ ఒక్క లైన్ దగ్గర వచ్చింది (ఇక్కడ తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లిష్‌లో కొట్టుకోండి):

వైల్ ఐఎఫ్ఎస్=: రీడ్ -ఆర్ పేరు యూఐడీ గ్రూపు వివరం

లూప్ చివర వచ్చే డన్ తర్వాత < గుర్తు పెట్టి ఫైల్ పేరు ఇవ్వాలి. రీడ్ ఒక్కో లైన్ తీసుకుని, కోలన్ దగ్గర విడదీసి, ముక్కల్ని వరసగా నాలుగు వేరియబుల్స్‌లో వేస్తుంది. కట్‌తో పనే లేదు. ముక్కలు ఎక్కువై వేరియబుల్స్ తక్కువైతే మిగిలిందంతా చివరి దాంట్లోకి పోతుంది. ఐఎఫ్ఎస్‌ని (ఏ గుర్తు దగ్గర విడదీయాలో చెప్పేది) రీడ్‌కి ముందు అదే లైన్‌లో రాస్తే ఆ రీడ్ వరకే పనిచేస్తుంది, మిగతా స్క్రిప్ట్ చెడదు. -ఆర్ లేకపోతే బ్యాక్‌స్లాష్‌లు మాయమైపోతాయి. యూజర్‌ని తయారు చేసే యూజర్‌యాడ్ కమాండ్‌లో వివరం వేరియబుల్‌కి డబుల్ కోట్స్ పెట్టడం మర్చిపోకండి, లేకపోతే స్పేస్ దగ్గర మళ్లీ తెగి మొదటికొస్తుంది.

ఇక గెలిచాననుకున్న రాత్రి చూస్తే నలుగురే యూజర్లు! ఐదోవాడు లేడు, ఎర్రర్ కూడా లేదు. రెండు గంటలు కొట్టుకున్నా. ఫైల్ ప్రింట్‌ఎఫ్ కమాండ్‌తో తయారు చేశా, చివరి లైన్ తర్వాత న్యూలైన్ (లైన్ అయిపోయిందని చెప్పే గుర్తు) పడలేదు. అలాంటి లైన్‌ని రీడ్ చదువుతుంది, వేరియబుల్స్ నింపుతుంది, కానీ ఫెయిల్ అని తిరిగొస్తుంది. దాంతో వైల్ అక్కడే ఆగిపోతుంది. రీడ్ పక్కన || (అంటే ‘లేదా’) పెట్టి, పేరు ఖాళీగా లేదేమో -ఎన్‌తో టెస్ట్ చేస్తే ఐదోవాడూ వస్తాడు. విమ్ ఎడిటర్‌లో సేవ్ చేసిన ఫైల్‌కి మామూలుగా ఈ గొడవ ఉండదు, చివర న్యూలైన్ అదే పెడుతుంది.

ఇంకోటి: క్యాట్‌ని పైప్ చేసి (| గుర్తుతో కలిపి) వైల్‌లోకి పంపకండి. బ్యాష్‌లో (మన స్క్రిప్ట్‌ని నడిపే షెల్) ఆ లూప్ సబ్‌షెల్‌లో, అంటే విడిగా ఒక కాపీలో నడుస్తుంది, లోపల లెక్కపెట్టిన కౌంట్ బయటికొచ్చేసరికి సున్నా.

రోజుకి ఎన్ని గంటలు చదివావని అడుగుతున్నారు. గంటలు కాదు ఫ్రెండ్స్, ఫోన్ పక్క రూమ్‌లో పెట్టడం ముఖ్యం. పొద్దున 5కి లేచి ఆఫీసుకి ముందు రెండు గంటలు, నాలుగు నెలలు, ఒక్క ఆదివారం కూడా వదల్లేదు (దసరాకి రెండు రోజులు వదిలా, ఒప్పుకుంటా). డంప్స్ (బయటికొచ్చిన ఎగ్జామ్ ప్రశ్నలు) బట్టీ పట్టి పాసయ్యేవాళ్లు ఉంటారు, వాళ్లతో నాకు పోటీ లేదు. ఫైల్‌లో ఒక్క స్పేస్ ఎక్కువైతే వాళ్ల స్క్రిప్ట్ ఏమవుతుందో నాకు తెలుసు, ఎందుకంటే మొదటిసారి నేనూ బట్టీ బ్యాచే.

ఎగ్జామ్‌లో ఇంటర్నెట్ ఉండదు కానీ మ్యాన్ పేజీలు (సిస్టమ్‌లోనే ఉండే కమాండ్ల మాన్యువల్) ఉంటాయి. బ్యాష్ మ్యాన్ పేజీ చాంతాడంత, అందులో వెతుకుతూ కూర్చోకండి. ‘హెల్ప్ రీడ్’ అని కొట్టండి, కావలసినదంతా దాదాపు ఒక్క స్క్రీన్‌లో వస్తుంది. రెండోసారి నేనూ కొట్టా. అప్పటికి ఆ లైన్ నిద్రలో లేపి అడిగినా చెబుతాను, అయినా చేతులు వణుకుతున్నాయి. ఒకసారి చూసుకుని, నీళ్లు తాగి, అప్పుడు మొదలుపెట్టా.