తిరగేసిన టేపు
గర్భసంచి పైఅంచు ఎక్కడుందో వేళ్లతో తడిమి చూసిన మిడ్‌వైఫ్ గారు, టేపును అంకెలు కనబడకుండా తిరగేసి నా పొట్ట మీద పరిచారు. అంకెలు ముందే కనబడితే రావలసిన కొలత వైపే వేలు జరుగుతుందని, అందుకే పొత్తికడుపు కింది ఎముక దాకా కొలిచిన తరువాతే టేపును తిప్పి చదువుతామని చెప్పారు.

31 సెంటీమీటర్లు. నాకు 32 వారాలు నిండాయి.

24 వారాలు దాటాక వారాలూ సెంటీమీటర్లూ దాదాపు సమానంగా ఉంటాయని, రెండు అటూ ఇటూ అయినా సాధారణంగా కంగారు పడనక్కరలేదని తెలిసినా, తగ్గిన ఆ ఒక్కటీ మనసులో గుచ్చుకుంది.

ఆమె చార్టులో చుక్క పెట్టి, పాత చుక్కలతో కలిపి చూపించారు. గీత పైకే సాగుతోంది. అది ఎదగకుండా నిలిచిపోతే స్కానింగుకు పంపుతారట.

ఇంటికి వచ్చి ఇంతసేపైనా, పొట్ట మీద నుంచి చెయ్యి తీయబుద్ధి కావడం లేదు.