గడప కంటే రోడ్డు ఎత్తయిపోయింది

మా ఇల్లు కట్టినప్పుడు గేటు లోపల వరండాకి మూడు మెట్లు ఉండేవి, షాబాద్ బండలతో వేయించినవి. 2005 సంగతి. అప్పుడు వీధి మొత్తానికి ఆరిళ్లు, మధ్యలో ఎర్రమట్టి బాట, వానొస్తే చెప్పులు చేతిలో పట్టుకుని నడవాల్సిందే కానీ ఇంట్లోకి మాత్రం ఒక్క చుక్క వచ్చేది కాదు. పోయిన వారం దాకా ఆ మూడు మెట్లూ రోడ్డు కిందే ఉన్నాయి. రోడ్డు మీంచి మా వరండాలోకి నాలుగు అంగుళాలు కిందికి దిగాల్సి వచ్చేది. ఇల్లేమీ కుంగలేదండి, రోడ్డే పెరుగుతూ వచ్చింది.

మా కాలనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇది ఒక్క కాలనీ బాధ కాదు. హైదరాబాద్‌లో ఉప్పల్ దాటి వరంగల్ హైవే ఎక్కితే పీర్జాదిగూడ, బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి, ఏ సందులోకి తిరిగినా ఇరవై ఏళ్ల కిందటి ఇళ్లు గుంతలో కూర్చున్నట్టుంటాయి, పక్కనే కొత్తగా కట్టిన వాళ్లవి కింద పార్కింగ్ వదిలి పైకి లేపిన ఇళ్లు. అంటే ఏమీ లేనప్పుడు వచ్చి, కరెంటు స్తంభాల కోసం చందాలు వేసుకుని, పాములు తేళ్ల మధ్య ఉన్న వాళ్ల ఇళ్లలోకే ఇప్పుడు నీళ్లొస్తున్నాయి. అది నాకు చాలా బాధగా ఉంటుంది.

మేం 150 గజాల జాగ కొన్నప్పుడు ఇది గ్రామపంచాయతీ, రంగారెడ్డి జిల్లా, ఘట్‌కేసర్ మండలం. 2016లో బోడుప్పల్, పీర్జాదిగూడ మున్సిపాలిటీలు అయ్యాయి, ఆ ఏడాదే దసరాకి కొత్త జిల్లాలొచ్చి మేడ్చల్-మల్కాజిగిరిలోకి వెళ్లాం, 2019లో కార్పొరేషన్లు చేశారు, 2025 డిసెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల మావి సహా 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లని హైదరాబాద్ మహానగర కార్పొరేషన్ జీహెచ్ఎంసీలో కలిపేశారు, 150 వార్డులు కాస్తా 300 అయ్యాయి. ఇరవై ఏళ్లలో మా కరెంటు బిల్లు మీద అడ్రసు ఎన్నిసార్లు మార్చుకున్నామో. అన్ని మార్పుల్లోనూ రోడ్డు అయితే వేశారు, వెయ్యలేదని నేను అనను. కానీ వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేశారు.

లెక్క చెప్తాను వినండి. పంచాయతీ ఉన్నప్పుడు కంకర, మొరం పోసి రోలర్ తిప్పారు, ఎనిమిది అంగుళాలు లేచింది. ఆ తర్వాత మొదటి సీసీ (సిమెంటు కాంక్రీటు) రోడ్డు, కింద రెండు అంగుళాల డస్టు, పైన ఆరు అంగుళాల కాంక్రీటు. కాలనీ అంతా కొబ్బరికాయ కొట్టి సంబరపడ్డాం, నేనే హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డా. రెండేళ్లు తిరక్కుండానే డ్రైనేజీ పైపుల కోసం మధ్యలో కోసేశారు. తవ్విన మట్టి తిరిగి పూడ్చారు కానీ అది వానకి కుంగి బండ్లు పడుతుంటే కొన్నాళ్లకి దాని మీదే ఇంకో ఆరు అంగుళాల సీసీ పోశారు. మొత్తం ఇరవై రెండు. మా మూడు మెట్లు పద్దెనిమిది అంగుళాలు, మిగిలిన నాలుగూ ఇంటికి పల్లం.

రోడ్డు ఎత్తయినకొద్దీ ఎవరికి వాళ్లు గేటు ముందు ర్యాంపు లేపుకున్నారు. ఎవరినీ తప్పు పట్టలేం, బండి లోపలికి ఎక్కాలి కదా. కానీ ప్రతి ర్యాంపూ చిన్న కట్టే, నీళ్లు ఒక ఇంటి ముందు ఆగి పక్కింటి వైపు తిరుగుతాయి. వానాకాలం వస్తే ఇరవై ఏళ్లుగా ఒకళ్ల ఇంట్లో ఒకళ్లు తిన్నవాళ్లం కూడా ర్యాంపు గురించి మాట మాట అనుకుంటున్నాం. మా వెనకింటి వదినా నేనూ ఒక వానాకాలమంతా మాట్లాడుకోలేదు, కారణం మూడు తట్టల సిమెంటు.

ఇక 2020 అక్టోబర్ 13. ఆ రోజు ఘట్‌కేసర్ దగ్గర సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్ల వాన పడింది, నగరం మొత్తంలో అక్కడే ఎక్కువ, మాకు అది దూరమేమీ కాదు. సాయంత్రం నుంచి వదలకుండా పడుతోంది. మేమంతా గేటు దగ్గర ఇసుక సంచులు పేర్చి అటే చూస్తూ కూర్చున్నాం. నీళ్లు మాత్రం గేటులోంచి రాలేదు, ముందు బాత్రూంలోంచి వచ్చాయి. కమోడు గుడగుడమని శబ్దం, కాసేపటికి జాలీలోంచి నల్లటి నీళ్లు ఉబికాయి. తర్వాత గేటు వైపు నుంచీ మొదలైంది. బియ్యం బస్తా స్టూలు మీద పెట్టాం, స్టూలు మునిగింది. ఖాళీ గ్యాస్ సిలిండర్ ఒకటి వంటింట్లో తేలుతూ వెళ్లి ఫ్రిజ్‌కి తగులుతోంది, చీకట్లో టక్ టక్ మని ఆ చప్పుడు, ఇప్పటికీ వాన గట్టిగా పడితే నా చెవిలో అదే వినిపిస్తుంది. మా అత్తమ్మకి అప్పటికే మోకాళ్లు పనిచెయ్యవు, మా ఆయనా పై పోర్షన్ తమ్ముడూ ఆమెని ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తి మెట్లెక్కించారు. ఆమె అంతసేపూ ఏడవలేదు, "నా పెట్టె తడిసిందా" అని మాత్రం అడిగింది. తడిసింది. మామయ్య ఫొటోలు అందులోనే.

తర్వాత ఒకరోజు మా అబ్బాయి లెక్కేసి చూపించాడు. 150 గజాలంటే సుమారు 125 చదరపు మీటర్లు. 32 సెంటీమీటర్ల వాన అంత జాగలో పడితే 40,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. అంటే ఏప్రిల్, మే నెలల్లో మేం ఫోన్ల మీద ఫోన్లు చేసి బతిమాలి తెప్పించుకునే నీళ్లలో ఎనిమిది ట్యాంకర్లు ఒక్క రోజులో మా ఒక్క ఇంటి మీదే పడతాయన్నమాట. అవి ఎటు పోవాలి? అదీ అసలు ప్రశ్న.

పాతవాళ్లని అడిగితే చెప్తారు, ఇక్కడ పొలాలున్నప్పుడు పై చెరువు నిండితే అలుగు పారి కాలువలో పడి కింది చెరువుకి, అది నిండితే ఇంకో కిందిదానికి, చివరికి మూసీలోకి. గొలుసుకట్టు అంటారు కదా అదే. లేఅవుట్లు వేసినప్పుడు కాలువలు కాస్తా ప్లాటు నెంబర్లు అయిపోయాయి. చెరువు చుట్టూ 30 మీటర్లో చిన్నదైతే 9 మీటర్లో బఫర్ వదలాలని రూల్ ఉంది, అందుకే చెరువు సంగతి కనీసం గొడవకైనా వస్తుంది. రెండు చెరువుల మధ్య నాలుగడుగుల కాలువ మాయమైతే అడిగే దిక్కు లేదు, అది మ్యాపులో సన్న గీత అంతే.

కాలువ లేదు కాబట్టి మనందరం ఏం చేశామంటే, డాబా మీద వాన నీళ్ల పైపుని తీసుకెళ్లి డ్రైనేజీ మ్యాన్‌హోల్‌కి కలిపేశాం. మేమూ కలిపాం, దాచేదేం లేదు, మేస్త్రి అలాగే చేస్తారన్నాడు సరే అన్నాం. ఆ పైపు ఎనిమిది అంగుళాలది, బాత్రూం నీళ్లకీ వంటింటి నీళ్లకీ లెక్కేసి వేసింది. దాంట్లోకి ఇన్ని డాబాల వాన ఒక్కసారి వస్తే పట్టక వెనక్కి తంతుంది, అందరికంటే పల్లంలో ఉన్న ఇంటి కమోడులోంచి బయటికి వస్తుంది. 2020లో మా బాత్రూంలోకి వచ్చిన నీళ్లు అవే. ఇది తెలిసిన రోజే మా పైపు తీయించి, ముందు జాగలో ఇంకుడుగుంత తవ్వించి దాంట్లోకి కలిపాం. ఇప్పటికి మా వీధిలో తొమ్మిది ఇళ్లు మార్చుకున్నాయి, మిగతావాళ్లని అడుగుతూనే ఉన్నాను, విసుక్కున్నా అడుగుతాను.

రోడ్డు సంగతికి వస్తే, రెండోసారి సీసీ వేసేటప్పుడే కొందరం ఆఫీసుకి వెళ్లి పాతది తీసేసి వెయ్యండి అని అడిగాం. అక్కడి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారు మర్యాదగానే మాట్లాడారు, ఫైలు తిప్పి చూపించారు. "మేడం, ఎస్టిమేట్‌లో పాత రోడ్డు తీసే ఐటమ్ లేదు, నేను తీయమన్నా కాంట్రాక్టర్ ఎందుకు తీస్తాడు, ఆయనకి కాంక్రీటుకే బిల్లు" అన్నారు. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు, ఎందుకంటే అందరూ కాగితం మీద ఉన్నదే చేస్తున్నారు, కాగితం మీద మా గడప లేదు.

అందుకని గడపని కాగితం మీదికి ఎక్కించాలని అనుకున్నాం. పోయిన ఏడాది ఎండాకాలంలో మా కాలనీ అసోసియేషన్ వాళ్లం ఒక ముసలి మేస్త్రిని పిలిచాం. ఆయన దగ్గర పెద్ద మిషన్లేమీ లేవు, లెవెల్ ట్యూబు, అదే సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్లు నింపి రెండు చివర్లూ పట్టుకుంటారు చూడండి, అది. వీధి మొదట్లో ఒక కరెంటు స్తంభానికి ఎర్ర పెయింటుతో గీత పెట్టి, అక్కణ్నుంచి ఒక్కో ఇంటి గడప ఎంత పైనో ఎంత కిందో కొలుస్తూ వచ్చాడు, ఒక చివర ఆయన, ఇంకో చివర మా పదో తరగతి పిల్లలు, నేను పొడుగు నోట్‌బుక్‌లో రాసుకుంటూ. నీళ్లు పైపులో ఊగి ఊగి నిలబడేదాకా ఎవ్వరం మాట్లాడేవాళ్లం కాదు. మా గేటు దగ్గరికొచ్చి మేస్త్రి పైపు పట్టుకుని కాసేపు చూసి, "అమ్మా, గీడ నీళ్లు ఆగకుంటే యాడికి పోతయ్, గిన్నెలెక్క జేసిండ్రు గదా" అన్నాడు. రెండు రోజులు పట్టింది. 41 ఇళ్లలో 26 ఇళ్ల గడపలు రోడ్డు కంటే కింద ఉన్నాయి. ఇంకో సంగతి కూడా బయటపడింది, వీధి చివర నాలాలో పడాల్సిన నీళ్లకి చివరి నాలుగిళ్ల దగ్గర రోడ్డు ఎదురు ఎత్తుగా ఉంది, అంటే నాలా వైపు పోవాల్సిన నీళ్లు వెనక్కి మా వైపే వస్తున్నాయి. ఇన్నేళ్లూ మేం నాలా చిన్నదని తిడుతున్నాం, నీళ్లు అసలు అందాకా చేరడమే లేదు.

ఆ నోట్‌బుక్ జిరాక్సులు తీసి వినతిపత్రానికి కుట్టి ఇచ్చాం. నోటితో చెప్తే "చూద్దాం అమ్మా" అనేవాళ్లు, ఇంటి నెంబరు, ఎదురుగా అంగుళాలు రాసి ఉంటే కూర్చోమన్నారు, చదివారు. పల్లం వైపు గల్లీకి కొత్త రోడ్డు ఎస్టిమేట్ వేసినప్పుడు పాత సీసీ పగలగొట్టి తీయడం అనే ఐటమ్ రాయించగలిగాం, దానికి ముందు వాన నీళ్ల పైపు వెయ్యాలని కూడా. ఈ రెండు లైన్ల కోసం ఏడుసార్లు తిరిగాం.

మిగతా బాధలు ఎన్నో ఉన్నాయి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్‌కి 2018లో శంకుస్థాపన చేశారు, ఏళ్ల తరబడి పిల్లర్ల పక్కన దుమ్ములో గుంతల్లో ప్రయాణం చేసిన వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. అనుమతి లేని ప్లాట్లని రెగ్యులరైజ్ చేసే ఎల్ఆర్ఎస్‌కి 2020లో వెయ్యి రూపాయలు కట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూసిన వాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. నగరంలో 2021 నుంచి నెలకి 20,000 లీటర్ల నీళ్లు ఉచితంగా ఇస్తుంటే పక్కనే ఉన్న మేం బిల్లు కట్టుకుంటూ వచ్చాం, కలిసిపోయాం కదా మరి మాకూ ఇవ్వండి అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు, అడగాల్సిందే. కానీ నన్నెవరైనా ఒక్కటే అడగమంటే లెవెల్ గురించే అడుగుతాను. మీ వీధిలో రోడ్డు శాంక్షన్ అయిందని తెలిస్తే దయచేసి కొబ్బరికాయ కొట్టేలోపు ఎస్టిమేట్ కాపీ అడగండి, పాతది తీసే ఐటమ్ ఉందా, పైపు ముందా రోడ్డు ముందా చూడండి. కాంక్రీటు పోశాక ఎంత అరిచినా తీయరు, గట్టిపడిపోయాక ఇక ఇంకో పదేళ్లు.

పోయిన వారం ఆ గల్లీలో బ్రేకర్ మిషన్ దిగింది. మా ఇల్లు మూలమీద కాబట్టి మా గేటు ముందు కూడా కొంత పగలగొట్టారు. పైన కొత్త సీసీ, కింద పాత సీసీ, రెండు పొరలు పెచ్చుల్లా విడిగా లేచాయి, పాతదాని మీద ఎప్పుడో తడి కాంక్రీటులో మా అబ్బాయి వేసిన చిన్న కాలి ముద్ర కూడా ఉంది. గేటు కింద పూడికంతా పారతో లాగేస్తే ఒక మెట్టు పూర్తిగా బయటపడింది, రెండోది సగం. అత్తమ్మ కిటికీలోంచి చూసి తనని బయటికి తీసుకురమ్మంది, వాకర్ పట్టుకుని వరండా అంచు దాకా వచ్చి నిలబడింది. బండ మీద మట్టి కడిగితే అంచుకి ఆమె పసుపుతో పాటు పూసిన ఎర్ర పెయింటు ఇంకా అక్కడక్కడా ఉంది. "మూడోది కూడా తీయమను" అంది.

నేను సూపర్‌వైజర్‌తో మాట్లాడాను. పైపులు ఇంకా రాలేదు, వచ్చాక పాతిపెట్టి ఆరు అంగుళాల సీసీ పోస్తే మా వరండా రోడ్డు కంటే నాలుగు అంగుళాలు పైన ఉంటుంది. ఇంకో ఆరు తవ్వితే మంచిదని రాసి ఇచ్చాను, మెజర్‌మెంట్‌కి సోమవారం వస్తామన్నారు. మేస్త్రికి కూడా ఫోన్ చేసి చెప్పాను, లెవెల్ ట్యూబు తెమ్మని.