గోల్కొండ ఏనుగు చెట్టు కింద ఒక ఉదయం

గోల్కొండ నయా ఖిలాలో, ఇక్కడివారు హాతియాన్ కా ఝాడ్ అని పిలుచుకునే బావోబాబ్ కింద నిన్న చాలాసేపు కూర్చున్నాను. మొదలు చుట్టుకొలత 25 మీటర్లకు పైమాటే. ఆఫ్రికా ఖండపు గింజ నుంచి మొలిచి, శతాబ్దాలుగా మన ఎండలకు తట్టుకుని నిలిచిన ఈ మహావృక్షం కూడా తన జాతి జన్యు సంపదలో, అంటే ఆ జాతి చెట్లన్నింటిలో కలిసి ఉన్న వారసత్వ గుణాల వైవిధ్యంలో, ఒక్క తునక మాత్రమే.

అలాంటి వైవిధ్యాన్ని విత్తనాల రూపంలో భద్రపరిచే 'జన్యు నిధి' అనగానే మనకు పటాన్‌చెరువులోని మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ గుర్తుకొస్తుంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి పంటల నమూనాలు 1,25,000కు పైగా అక్కడ ఉన్నాయి. బాగా ఆరబెట్టి, దీర్ఘకాల నిల్వకు మైనస్ 20 డిగ్రీల చలిలో దాచిన గింజ దశాబ్దాల తరువాత కూడా మొలకెత్తుతుంది. అడవి చెట్లన్నింటికీ ఈ ఉపాయం చెల్లదు.

ప్రూనస్ ఆఫ్రికానా సంగతే చూడండి. కామెరూన్, కెన్యా, ఇథియోపియా, మడగాస్కర్ కొండ అడవుల్లో పెరిగే ఈ చెట్టు బెరడు నుంచి ప్రొస్టేట్ గ్రంథి వాపుకు మందు తయారవుతుంది. కాండానికి ఎదురెదురుగా కొంత మేర మాత్రమే బెరడు తీసి తక్కినది వదిలితే చెట్టు కోలుకుంటుంది. కానీ ఆశకొద్దీ చుట్టూ ఒలిచేయడం, ఏకంగా నరికేయడం జరిగాయి. అంతర్జాతీయ వాణిజ్యాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధంలోకి, అంటే అనుమతి పత్రాలతోనే వ్యాపారం చేయవలసిన జాతుల జాబితాలోకి, 1995లో ఈ జాతి చేరింది. బెరడు ఎక్కువగా ఇచ్చేవి పెద్ద చెట్లే, విత్తనం ఎక్కువగా రాల్చేవీ అవే కనుక, ఒక్కో చెట్టుతో పాటు రాబోయే తరం కూడా కొంత పోతుంది. పైగా ఆ విత్తనం మన కందిలా ఏళ్ల తరబడి నిల్వ ఉండదు, తాజాగా నాటుకోవలసిందే.

రైతులు పొలాల్లో నాటుకుంటే అడవిపై ఒత్తిడి తగ్గుతుందన్నది మంచి మాటే, నేను మనసారా సమర్థిస్తాను. అయితే దారి పక్కన దొరికిన రెండు మూడు తల్లి చెట్ల గింజలతోనే నారు పెంచితే, వేల మొక్కలున్నా అవన్నీ దగ్గరి తోబుట్టువులే అవుతాయి. వాటిలో అవే మళ్లీ సంకరమైతే తరువాతి తరం బలహీనపడే ప్రమాదం ఉంది. అందుకే ఒకదానికొకటి దూరంగా ఉన్న కనీసం 30 చెట్ల నుంచి గింజలు సేకరించమని వృక్ష విత్తన నిపుణులు చెబుతారు. నాకు ఇదే అన్నింటికన్నా ముఖ్యమైన పని అనిపిస్తుంది, ఎందుకంటే దీనికి కావలసింది ఖరీదైన శీతల గది కాదు, ఇంకాస్త నడిచే ఓపిక.

ఈ చెట్టు పెరిగే కొండలు, చుట్టూ పల్లపు నేలలతో, సముద్రంలో దీవుల్లా విడివిడిగా ఉన్నాయి. అందువల్ల ఒక్కో కొండ మీది చెట్లు జన్యుపరంగా వేరైపోయాయి. మడగాస్కర్ చెట్లయితే ప్రధాన ఖండంలోని వాటికి చాలా భిన్నమైనవి. అక్కడి అడవి పోతే కామెరూన్ నుంచి తెచ్చిన నారు కొండను పచ్చగా కప్పగలదేమో గాని, పోయిన చెట్ల జన్యువులను మాత్రం తీసుకురాలేదు.