పరాయి యాప్‌కు ఎంతవరకు తలుపు తీయాలి?

2025 జనవరి 19 నుంచి టిక్‌టాక్ మూతపడుతుందని తేలడంతో అమెరికాలోని దాని వాడుకరులు లక్షల సంఖ్యలో వెళ్ళి చేరింది ఏ అమెరికా యాప్‌లోనో కాదు, 2013లో షాంఘైలో పుట్టిన షియావోహోంగ్‌షులో. రెడ్‌నోట్ అని వాళ్ళు పిలుచుకున్న ఆ యాప్ చూస్తుండగానే యాపిల్ స్టోర్‌లో మొదటి స్థానానికి చేరింది. ప్రజల సమాచారం చైనా సంస్థ చేతిలో ఉండటం దేశభద్రతకు ముప్పని చట్టం చేసిన ప్రభుత్వానికి ఆ ప్రజలే ఇచ్చిన జవాబు అది. అందులో కోపం ఎంత ఉందో కొంటెతనమూ అంతే ఉంది. అక్కడి చైనీయులు కొత్తవాళ్ళను పన్నుగా ఒక పిల్లి ఫొటో పెట్టమన్నారు, ఇంగ్లీషు హోంవర్కులో సాయం అడిగారు. ఆ ముచ్చట్లు చదివి నేనూ ఆనందించాను.

అయితే ముచ్చటపడటం వేరు, నమ్మటం వేరు. టిక్‌టాక్ చైనా బయటివారి కోసం నడిచే యాప్. అమెరికన్ల సమాచారాన్ని అమెరికా సంస్థ ఒరాకిల్ సర్వర్లలో ఉంచుతున్నామని అది పదేపదే చెప్పుకుంది. అయినా తన ఉద్యోగులు కొందరు విలేఖరుల సమాచారాన్ని అక్రమంగా చూశారని దాని మాతృసంస్థ బైట్‌డ్యాన్స్ 2022 డిసెంబరులో ఒప్పుకోక తప్పలేదు. షియావోహోంగ్‌షుకు ఆ మాత్రపు అడ్డుగోడలు కూడా లేవు. అది ప్రధానంగా చైనా ప్రజల కోసం, చైనా చట్టాల కింద నడిచే యాప్. ప్రభుత్వ నిఘా పనులకు సంస్థలన్నీ సహకరించి తీరాలని 2017 నాటి అక్కడి చట్టం చెబుతుంది. రాజకీయంగా ఇబ్బంది కలిగించే మాటలు ఆ యాప్‌లో నిలవవు, పైగా ఐపీ చిరునామాను (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌కు ఉండే గుర్తింపు సంఖ్యను) బట్టి మనం ఎక్కడినుంచి రాస్తున్నామో పోస్టు కింద కనిపిస్తుంది. భద్రత మాటకే వస్తే, ఇది పెనం మీదినుంచి పొయ్యిలోకి దూకడమే.

ఇక మన సంగతి. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు, మన ఊళ్ళలో వీడియోలు చేసుకునే పిల్లలు ఎక్కువగా వెళ్ళింది ఇన్‌స్టాగ్రామ్‌కూ యూట్యూబ్‌కూ. అవీ మనకు పరాయివే కదా! కనుక ఏ దేశపుది అన్న ప్రశ్నకంటే, తప్పు జరిగితే దాన్ని నిలదీసేవారు ఉన్నారా అన్న ప్రశ్నే నాకు ముఖ్యంగా తోస్తుంది. యూరోపియన్ల సమాచారాన్ని అమెరికాకు పంపినందుకు ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే మెటాకు 2023లో ఐర్లండ్ సమాచార రక్షణ నియంత్రణ సంస్థ 120 కోట్ల యూరోల జరిమానా వేసింది. చైనాకు పంపినందుకు టిక్‌టాక్‌కు 2025లో అదే సంస్థ 53 కోట్లు వేసింది. అంటే వాళ్ళకు అడిగే దిక్కు ఉంది. మనం వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని 2023లోనే చేసుకున్నా, నియమాలు వెలువడేసరికి 2025 నవంబరు వచ్చింది.

అందుకని, ఏ దేశపు యాప్ అయినా కాంటాక్టులు చూడనివ్వమంటే నేను ఒప్పుకోను. నా ఫొటోలు నా ఇష్టం, కానీ ఫోన్‌లో ఉన్న మేనత్త నంబరూ, వైద్యుడి నంబరూ నావి కావు. వాళ్ళ తరఫున ఒప్పుకునే హక్కు నాకు లేదు. లొకేషన్ కూడా అవసరమైనప్పుడే ఇస్తాను. బ్యాంకు ఖాతాకు ముడిపడిన నంబరుతో కొత్త యాప్‌లో చేరకపోవడం మంచిదే గాని, అందరికీ రెండో నంబరు ఉండదు.

టిక్‌టాక్ ఒక రోజు తిరగకుండానే మళ్ళీ తెరుచుకుంది, వలస వెళ్ళినవారిలో చాలామంది వెనక్కి వచ్చేశారు. అలా వచ్చేవారు గమనించాల్సింది ఒకటుంది: ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన ఖాతా రద్దు కాదు, ఇచ్చిన నంబరూ కాంటాక్టులూ అవతలి సర్వర్లో ఉండిపోవచ్చు. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఖాతాను రద్దు చేసి, ఆ తరువాతే యాప్‌ను తీసేయాలి.