మాటలన్నీ ఇంజెక్షన్‌కు ముందే: న్యూక్లియర్ మెడిసిన్‌లో నా శిక్షణ అనుభవం

ఎక్స్‌రే, సీటీ గదుల్లో కొన్నేళ్లు పనిచేశాక నేను న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి మారాను. రేడియేషన్ గురించి చాలావరకు తెలుసుననే ధైర్యంతోనే వెళ్లాను. కానీ ఎక్స్‌రే గదిలో మీట నొక్కితే కిరణాలు వస్తాయి, వేలు తీస్తే ఆగిపోతాయి. ఇక్కడ రేడియోధార్మిక మందును రోగి నరంలోకి ఎక్కించాక కిరణాలు ఆ మనిషి ఒంట్లోంచే వస్తుంటాయి. గామా కెమెరా తనంతట తాను దేన్నీ విడుదల చేయదు, లోపలి నుంచి వచ్చేదాన్ని పట్టుకుని బొమ్మ కడుతుంది. ఆపడానికి మీట లేదు, కాలం గడవాల్సిందే.

ఈ రంగంలోకి రావాలనుకునే రేడియోగ్రాఫర్లు నన్ను ఎక్కువగా అడిగేది పరీక్షల గురించి, సిలబస్ గురించి. అవి చదివితే వస్తాయి. నాకు శిక్షణలో నిజంగా కష్టమనిపించింది వేరే. రోగికి దగ్గరగా ఉండాలి, కానీ తక్కువసేపే ఉండాలి. మనం తనకు భయపడి దూరం జరుగుతున్నామని ఆ మనిషికి ఒక్క క్షణం కూడా అనిపించకూడదు. ఈ మూడూ ఒకేసారి ఎలా కుదురుతాయో తెలుసుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

మా రోజు రోగులు రాకముందే హాట్ ల్యాబ్‌లో, అంటే ఈ మందులు సిద్ధం చేసే గదిలో, మొదలవుతుంది. చాలా పరీక్షలకు వాడేది టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం. దాని అర్ధజీవితకాలం, అంటే ఉన్నది సగానికి తగ్గడానికి పట్టే సమయం, 6 గంటలు. ఈ రోజు ఉదయం ఉన్నదాంట్లో 16వ వంతే రేపు ఉదయానికి మిగులుతుంది. అందుకే ఏ రోజుకారోజు జనరేటర్ నుంచి తీసుకోవాలి. జనరేటర్ అంటే సీసం కవచంలో అల్యూమినా నింపిన చిన్న గొట్టం. అందులో మాలిబ్డినం-99ను పట్టి ఉంచుతారు. దాని అర్ధజీవితకాలం 66 గంటలు. అది క్షీణిస్తూ టెక్నీషియంగా మారుతుంటుంది. గొట్టంలోంచి సెలైన్ పోనిస్తే టెక్నీషియం కరిగి వచ్చేస్తుంది, మాలిబ్డినం అల్యూమినాను అంటిపెట్టుకుని లోపలే ఉండిపోతుంది. 1950ల చివర్లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న ఈ ఏర్పాటు లేకపోతే, ఇంత తక్కువకాలం నిలిచే పదార్థాన్ని రియాక్టరుకు ఎంతో దూరంలో ఉన్న ఆసుపత్రిలో వాడే వీలే ఉండేది కాదు.

లోపలే ఉండాల్సిన మాలిబ్డినం నిజంగా లోపలే ఉందా అన్నది రోజూ తేల్చుకోవాలి. బయటకు వచ్చిన ద్రవం సీసాను మందమైన సీసపు డబ్బాలో పెట్టి కొలుస్తాం. టెక్నీషియం కిరణాల శక్తి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, వాటిని ఆ సీసం ఆపేస్తుంది. మాలిబ్డినం నుంచి వచ్చే 740 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలు కొంతైనా దాటి వస్తాయి. ఒక మెగాబెక్వెరెల్ (బెక్వెరెల్ రేడియోధార్మికతకు కొలమానం) టెక్నీషియానికి 0.15 కిలోబెక్వెరెల్ మాలిబ్డినం మించితే ఆ ద్రవాన్ని ఎవరికీ ఇవ్వకూడదు. ఈ పరీక్ష చేసేటప్పుడు నాకు ఎప్పుడూ గౌరవభావం కలుగుతుంది. రోగి ఎప్పటికీ చూడని, అడగని ఒక హామీ అది.

ఆ తర్వాత కిట్లు, అంటే టెక్నీషియాన్ని కావలసిన అవయవానికి చేర్చే మందులు, కలపాలి. టెక్నీషియాన్ని ఎండీపీతో కలిపితే ఎముకలకు, డీఎంఎస్‌ఏతో కలిపితే మూత్రపిండాలకు, మిబితో కలిపితే గుండె కండరానికి చేరుతుంది. సరిగా కలవకుండా మిగిలిన టెక్నీషియం థైరాయిడ్‌లో, జీర్ణాశయంలో కనిపిస్తుంది. ఎముకల స్కాన్‌లో ఆ రెండూ మెరిస్తే రోగి జబ్బు గురించి కాదు, మా కిట్ గురించి అనుమానపడాలి. ఆ స్థితి రాకుండా ముందే కాగితపు పట్టీ మీద క్రొమటోగ్రఫీ చేసి, అంటే కలిసినదాన్ని, కలవనిదాన్ని విడదీసి, శుద్ధత చూస్తాం. డోస్ కొలిచే యంత్రాన్ని సీజియం-137తో సరిచూడటం, కెమెరా ముందు కోబాల్ట్-57 పలక పెట్టి బొమ్మ అంతటా ఒకేలా వస్తోందో లేదో చూడటం కూడా రోజూ ఉండే పనులే. కెమెరాలో కాంతిని పట్టే ఫోటోమల్టిప్లయర్ ట్యూబు ఒకటి మొరాయిస్తే బొమ్మలో గుండ్రటి మచ్చ పడుతుంది. దాన్ని ఎవరి కాలేయంలోనో గడ్డగా చదివే ప్రమాదం ఉంది.

సిరంజిలోకి మందు ఎక్కించడం మొదట్లో ఉత్త సెలైన్‌తోనే నేర్పించారు. సీసపు అద్దం వెనుక చేతులు పెట్టి, సీసాను వేళ్లతో తాకకుండా పటకారుతో పట్టుకుని, టంగ్‌స్టన్ కవచంలోని సిరంజిలోకి కావలసినంత తీసుకుని, కొలిచి, లేబుల్ అంటించాలి. పక్కన సీనియర్ గడియారం పట్టుకుని నిలబడేవారు. కాలం, దూరం, కవచం అన్న మూడు మాటలు పుస్తకంలో ఒకే వాక్యంలో ఉంటాయి గానీ, చేతికి అవి ఒక్కొక్కటిగా అలవాటు కావాలి. దూరం రెట్టింపయితే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే పటకారు పొడవు కూడా రక్షణే. వేలికి తగిలే మోతాదును కొలిచే మా ఉంగరపు బ్యాడ్జి చేతి తొడుగు లోపల, అరచేతి వైపు తిప్పి పెట్టుకుంటాం, ఎందుకంటే వేళ్లకే ఎక్కువ మోతాదు తగులుతుంది. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ సిఫారసు ప్రకారం వృత్తిలో ఉన్నవారికి 5 ఏళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి అందే రేడియేషన్ మోతాదుకు కొలమానం ఇది), చేతులకు ఏడాదికి 500 మిల్లీసీవర్ట్‌లు పరిమితి. జాగ్రత్తగా పనిచేసే విభాగంలో దీనికి చాలా తక్కువలోనే ఉండవచ్చు, ఉండాలి కూడా.

ఎక్స్‌రే గది నుంచి వచ్చినవాళ్లం సీసపు ఏప్రాన్ కోసం వెతుక్కుంటాం. ఫ్లోరిన్-18 వాడి చేసే పెట్ స్కాన్ విషయంలో దాన్ని నమ్ముకోలేం. ఫ్లోరిన్-18 వల్ల పుట్టే కిరణాల శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. వాటిని సగానికి తగ్గించడానికే 4 నుంచి 5 మిల్లీమీటర్ల సీసం కావాలి. అర మిల్లీమీటరు ఏప్రాన్ అక్కడ బరువే తప్ప రక్షణ కాదు. మిగిలేది కాలం, దూరం. అంటే మన పద్ధతే మన కవచం.

ఆ పద్ధతి నాకు అర్థమయ్యేలా చేసింది నాకు శిక్షణ ఇచ్చిన సీనియర్. ఆవిడ రోగి దగ్గర ఎంతసేపైనా కూర్చునేవారు. కుర్చీ లాక్కుని, ఎదురుగా, తీరిగ్గా. నాకు మొదట ఆశ్చర్యమేసింది. ఆ కూర్చోవడమంతా ఇంజెక్షన్‌కు ముందేనని గమనించడానికి కొంత సమయం పట్టింది. మందు రాకముందే పేరు, పుట్టిన తేదీ అడిగేవారు. గర్భం ఉందేమో, బిడ్డకు పాలిస్తున్నారేమో అడిగేవారు. పరీక్ష ఎందుకో, ఎంతసేపు వేచి ఉండాలో, నీళ్లు ఎంత తాగాలో, మూత్రశాల ఎటువైపో, ఏదైనా ఇబ్బంది అనిపిస్తే ఏ గంట నొక్కాలో చెప్పేవారు. కాన్యులా పెట్టి, సెలైన్ పోనిచ్చి నరం సరిగా ఉందో లేదో చూసేవారు. చివరగా, "ఇంకేమైనా అడగాలనుందా అమ్మా?" అని అడిగి జవాబు కోసం ఆగేవారు. ఆ తర్వాతే సిరంజి తెచ్చేవారు. మందు ఎక్కించడం, మళ్లీ సెలైన్ పోనివ్వడం, చేయి నిమిరి బయటకు రావడం, అన్నీ కలిపి నిమిషం లోపే.

"మందు ఎక్కాక చెప్పాల్సింది ఏదైనా మిగిలిందంటే అది ముందు చెప్పాల్సిందే" అనేవారావిడ. నా శిక్షణ అంతటిలో నాకు పనికొచ్చిన మాట ఇదే. తొందరగా బయటకు వెళ్లే మనిషిని చూసి రోగి బాధపడరు. అంతకుముందు తమతో కూర్చున్న మనిషే కదా అని వాళ్లకు తెలుసు.

ఈ క్రమం రేడియేషన్ కోసమే కాదు, బొమ్మ బాగా రావడానికి కూడా అవసరమని నేర్చుకున్నాను. కీమోథెరపీ తీసుకున్నవారికి చాలాసార్లు నరాలు సులభంగా దొరకవు. నరం సరిచూడకుండా నేరుగా మందు ఎక్కిస్తే అది చర్మం కిందకు పోవచ్చు. అప్పుడు మోచేతి దగ్గర వెలుగు ముద్ద, ఒక్కోసారి చంకలోని లింఫ్ గ్రంథిలో కూడా మెరుపు కనిపిస్తుంది. రొమ్ము క్యాన్సర్ రోగిలో ఆ మెరుపును తప్పుగా అర్థం చేసుకుంటే ఎంత అనర్థమో చెప్పనక్కరలేదు. ఫ్లోరిన్-18 చేర్చిన చక్కెర లాంటి మందు ఎఫ్‌డీజీతో చేసే పెట్ స్కాన్‌లో ఇంకా స్పష్టం. రోగి కనీసం 4 నుంచి 6 గంటలు ఏమీ తినకుండా రావాలి, రక్తంలో చక్కెర సాధారణంగా డెసిలీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. మందు ఎక్కాక దాదాపు గంటసేపు కదలకుండా పడుకోవాలి. కదిలిన కండరం చక్కెరను లాక్కుంటుంది. చలి వేస్తే మెడ దగ్గరి గోధుమ రంగు కొవ్వు వెలుగుతుంది. ఎక్కువగా మాట్లాడితే స్వరపేటిక కండరాలే బొమ్మలో కనిపిస్తాయి. అంటే ఆ గంటలో మేం రోగితో కబుర్లు చెప్పడం ఇద్దరికీ మంచిది కాదు. దుప్పటి కూడా ముందే కప్పాలి.

ఆలస్యాన్ని కూడా ఇక్కడ లెక్కగట్టే నేర్చుకుంటాం. రోగి గంట ఆలస్యంగా వస్తే సిరంజిలోని టెక్నీషియంలో దాదాపు 11 శాతం పోతుంది. 110 నిమిషాల అర్ధజీవితకాలం ఉన్న ఫ్లోరిన్-18లో అయితే 31 శాతం పైనే. ఇది ఆసుపత్రి గోడల మధ్య ముగిసే విషయం కూడా కాదు. 2009 మేలో కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ ఆగిపోయి 2010 ఆగస్టు దాకా తిరిగి నడవకపోతే ప్రపంచమంతా మాలిబ్డినం కొరతతో ఇబ్బంది పడింది. నిల్వ చేయలేని మందు కదా.

పిల్లల మూత్రపిండాల స్కాన్లు నాకు చాలా ఇష్టమైన పని. ఇక్కడ ముందే మాట్లాడాల్సింది ఇద్దరితో. బిడ్డతో పాటు ఉండేది తల్లి అయితే ఆమె గర్భవతి కాదని తెలుసుకోవాలి. కెమెరా దగ్గరగా వస్తుంది కానీ ముట్టుకోదని, చప్పుడు పెద్దగా చేయదని, మధ్యలో కదిలితే మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుందని బిడ్డకు ఆటబొమ్మతో చూపించి చెబుతాను. ఖాళీ కెమెరా కింద ఒకసారి పడుకోబెడతాను. ఇందుకు సమయం వెచ్చిస్తే మత్తు ఇవ్వకుండానే చాలామంది పిల్లలు స్కాన్ పూర్తి చేసుకుంటారు.

పెద్దవాళ్ల భయం వేరు. ఎముకల స్కాన్‌కు వచ్చిన ఒక పెద్దావిడ, "నేను ఇంటికెళ్లి మనవడిని ఎత్తుకోవచ్చా?" అని అడిగారు. ఈ పరీక్ష వల్ల ఆమెకు అందేది దాదాపు 4 మిల్లీసీవర్ట్‌లు. ప్రకృతి నుంచి మనందరికీ ప్రపంచ సగటున ఏడాదికి దాదాపు 2 నుంచి 3 మిల్లీసీవర్ట్‌లు అందుతూనే ఉంటాయి. ఆ అంకెలు చెప్పి ఊరుకుంటే ఆవిడకు ఉపయోగం లేదు. "ఈ రోజుకు ఎక్కువసేపు ఒళ్లో పెట్టుకోకండమ్మా, నీళ్లు బాగా తాగండి, రేపటి నుంచి మామూలే" అని చెప్పాను. ఆమె ముఖం తేలికపడింది. స్పష్టంగా చెప్పిన జాగ్రత్త మనిషిని భయపెట్టదని, దాచినట్టు మాట్లాడితేనే భయం పెరుగుతుందని నా నమ్మకం.

ఇంకో సంగతి కూడా గట్టిగా చెప్పాలి. ఒక్క రోగి పక్కన రెండు నిమిషాలు ఎక్కువ నిలబడితే మనకు తగిలేది చాలా స్వల్పం. ఏడాది పొడవునా జరిగే పనిలో కూడబెట్టి చూస్తేనే అది లెక్కకు వస్తుంది. కాబట్టి టేబుల్ దిగుతూ తూలిన మనిషిని పట్టుకోవడానికి ఎవరూ వెనకాడకూడదు. అవసరం లేని నిమిషాలను ముందే తీసేసి పెట్టుకునేది, అవసరమైనప్పుడు నిశ్చింతగా దగ్గరకు వెళ్లడానికే.

శిక్షణ చివర్లో లాగ్‌బుక్ చూశారు, రాత పరీక్ష, మౌఖిక పరీక్ష పెట్టారు, మందు ఒలికిపోతే ఏం చేయాలో రంగునీళ్లతో చేయించి చూశారు: ఇతరులను దూరం పంపడం, అంచుల నుంచి మధ్యకు అద్దడం, మీటర్‌తో వెతకడం. వీటి గురించి ఎక్కువ చెప్పేందుకు లేదు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ప్రశ్న ఒక బొమ్మ. కటి ఎముక దగ్గర చిన్న వెలుగు చుక్క. ఏం చేస్తారని అడిగారు. దుస్తులు మార్పించి, చర్మం తుడిపించి, కోణం మార్చి మళ్లీ తీస్తానన్నాను. ఎముకల స్కాన్ మందు మూత్రంలో బయటకు పోతుంది. దుస్తుల మీద పడ్డ ఒక చుక్క మూత్రం క్యాన్సర్ వ్యాప్తిలా కనిపించగలదు. వరుసగా ఉన్న పక్కటెముకల్లో చుక్కలు ఒకే గీతలో ఉంటే, ఈ మధ్య పడిపోయారా అని అడగాలి. ఇవన్నీ రోగి టేబుల్ మీద ఉండగానే తేలాలి. వెళ్లిపోయాక నివేదిక రాసే డాక్టరుకు మన బొమ్మ, మన మాట తప్ప మరో ఆధారం ఉండదు.

ఇప్పుడు కొత్తగా వచ్చేవారికి నేను పని నేర్పుతున్నాను. జనరేటర్ కంటే ముందు వాళ్లతో ఒక కాగితం రాయిస్తాను: ప్రతి పరీక్షకు ఇంజెక్షన్ ముందు రోగికి చెప్పాల్సినవి, అడగాల్సినవి, ఏ వరుసలో అన్నది. నాకు మాత్రం ఆ కాగితం మళ్లీ పెరుగుతోంది. లుటీషియం-177 అనే మరో రేడియోధార్మిక పదార్థంతో చేసే చికిత్సలు నేర్చుకుంటున్నాను. దాని అర్ధజీవితకాలం 6 రోజులకు పైనే, రోగి ఇంటికి వెళ్లాక కూడా జాగ్రత్తలు కొనసాగాలి. ఎవరితో పడుకుంటారు, ఇంట్లో చిన్నపిల్లలున్నారా, మూత్రశాల ఎందరు వాడతారు, ప్రయాణం ఎంతసేపు, మళ్లీ పనికి ఎప్పుడు వెళ్తారు అన్నవన్నీ చికిత్సకు ముందే కూర్చుని మాట్లాడాలి. కుటుంబంలో ఒకరిని వెంట తీసుకురమ్మని అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పడం మొదలుపెట్టాం.